కోదండం గారి గంప

న్యూ టౌన్,
సోమవారం

గౌరవనీయులైన కోదండం గారికి,

కౌముది నమస్కారాలు. మొన్న సంత్రాగాఛి వచ్చి తెలుగు సంఘం కళ్యాణ మంటపం ఒక సాయంత్రానికి కావాలని అడిగితే, "మాట గాలికి పోతుందమ్మా. కాగితం మీద రాసి పంపు. అదీ తెలుగులో, అదీ చేత్తో" అని తలుపు వేసేశారు. మీరు ఒకసారి ఫోన్‌లో మాట ఇచ్చి, ఒకే ముహూర్తానికి ఇద్దరు పెళ్ళికూతుళ్ళను మంటపంలోకి దింపారట. అప్పటినుంచి కార్యదర్శిగారు కాగితమే నమ్ముతారని బయట టీ కొట్టు దాదా చెప్పాడు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. నేను కలకత్తా బళ్ళో చదివినదాన్ని, తెలుగు రాయడం అమ్మ నేర్పింది.

నేను బ్యాంకు శ్యామసుందర్ గారి అమ్మాయిని. మీ ఉగాది సభల్లో నాన్న పంచాంగం చదివేవారు. ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది, నేను ఉద్యోగం కోసం ఇక్కడే ఉండిపోయాను.

సంగతేమిటంటే, పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళందరినీ ఒకచోట కలపాలని నా కోరిక. పూలవాళ్ళు, ఫోటోవాళ్ళు, వంటవాళ్ళు, గోరింటాకు పెట్టేవాళ్ళు, బాజావాళ్ళు, పురోహితులు. ప్రతి పెళ్ళిలో ఒకరినొకరు తోసుకుంటూ తిరుగుతారు గానీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఆ సాయంత్రం మాత్రం ఎవరూ పని చేయక్కర్లేదు. అతిథుల్లా వచ్చి, కూర్చుని తిని, పరిచయాలు చేసుకుని వెళ్తారు. దీన్ని నెట్‌వర్కింగ్ పార్టీ అంటారు.

దాపరికం లేకుండా చెబుతున్నాను. నేను కంప్యూటరు ఉద్యోగం మానేసి పెళ్ళి ఏర్పాట్లు చేసే పనిలోకి దిగాను. నాన్నకు తెలియదు. తెలిస్తే ఆ పూటే వచ్చి నన్ను విశాఖ రైలెక్కిస్తారు. ఈ విందు నెగ్గితే వీళ్ళందరూ నన్ను తమలో మనిషిగా చూస్తారు, నాకూ నిలబడ్డానని నాన్నకు చెప్పుకునే ధైర్యం వస్తుంది. దయచేసి ఆయనకు చెప్పకండి.

ఇట్లు,
కౌముది

తా.క. లైట్లు, మైకులు సాకేత్ చూసుకుంటాడు. నాతో కలిసి పని చేస్తాడు. ఏం కావాలన్నా అతనికి చెబితే నాకు చెప్పినట్టే.


సంత్రాగాఛి,
గురువారం

చి. ల. సౌ. కౌముదికి కోదండం ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియక మళ్ళీ కూర్చున్నాను. మా ఆవిడ అప్పమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అమ్మాయీ, నేను ఉద్యోగమంతా గూడ్సు బండి గార్డుగా చేశాను. ఇంజను లేకుండా పెట్టెలు వాటంతట అవే స్టేషన్లోకి వచ్చాయంటే నమ్మమంటావా? వంటవాడున్నాడు, సన్నాయి ఉంది, పురోహితుడున్నాడు, పూలున్నాయి. పెళ్ళికూతురు మాత్రం లేదు! పైగా ఉద్యోగం మానేశావు. నాన్నకు చెప్పొద్దంటున్నావు. సాకేత్ అనే కుర్రాడికి చెబితే నీకు చెప్పినట్టే అంటున్నావు. నా చెవిలో పువ్వు పెట్టకమ్మా. ఈ జుట్టు ఊరికే నెరవలేదు.

మన మంటపం గోడ మీద పెద్దలు రాయించిన వాక్యం నువ్వు చూసే ఉంటావు: "వధూవరులు లేనిదే ఇచ్చట దీపం పెట్టరాదు." ఒకసారి ఆ మాట కాదని యూనియన్ మీటింగుకి ఇచ్చాం. అధ్యక్షుడు మాట్లాడుతుండగా పంకా రెక్క ఊడి ఆయన మెళ్ళో దండను తెంపుకుపోయింది. దండతో పోయింది కాబట్టి సరిపోయింది.

అయినా నేను కఠినుణ్ణి కాను. హాలు ఇస్తాను. ముందు వీటికి జవాబు రాయి. ఆ సాకేత్ ఎవరి పిల్లాడు? తెలుగువాడేనా? గోత్రమేమిటి? మీ అమ్మ వేదవతమ్మ గారికి అన్నదమ్ములున్నారా?

ఆశీస్సులతో,
కోదండం, కార్యదర్శి

తా.క. అమ్మా, నేను అప్పమ్మని. కవర్లకి గమ్ము రాసేది నేనే, అందుకే ఈ నాలుగు ముక్కలు. ఆయనకి తెలీదు, నువ్వూ చెప్పకు. నీకు ఏ రంగు సీర బాగుంటాదే? ఎరుపా, పసుపా? ఊరికే అడుగుతన్నాను.


న్యూ టౌన్,
ఆదివారం

గౌరవనీయులైన కోదండం గారికి,

హాలు ఇస్తానన్నందుకు వెయ్యి నమస్కారాలు. ఇక్కడ పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా హాలు తీసుకున్నాను గానీ మైకు పెట్టేవాడి గోత్రం అడిగిన చోటు మీదే. సంఘం పద్ధతి అదే అయితే నాకేం అభ్యంతరం లేదు.

సాకేత్ తెలుగువాడే. గార్డెన్ రీచ్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ళ నాన్నగారు ఓడల కార్ఖానాలో చేసి రిటైరయ్యారు. గోత్రం అడిగితే ఎందుకని కూడా అడగలేదు, అప్పటికప్పుడు వాళ్ళమ్మకి ఫోన్ చేసి కనుక్కుని, కాగితం మీద రాసి ఇచ్చాడు. భారద్వాజట. అంత పనిమంతుడు. మా గోత్రం కూడా రాయమన్నాడు, దరఖాస్తు పూర్తిగా ఉంటుందని. కౌశిక.

అమ్మకి అన్నదమ్ములు లేరు. ఆ ప్రశ్న ఏ ఖాతాలోకి వస్తుందో నాకు అర్థం కాలేదు.

మళ్ళీ చెబుతున్నాను, పెళ్ళికూతురు లేదు. పెళ్ళికొడుకు లేడు. మంటపం, పీటలు, పూలు అన్నీ ఉంటాయి గానీ అవి ఎవరి పనితనం ఏమిటో చూపించడానికి. పీటల మీద ఎవరూ కూర్చోరు.

భవదీయురాలు,
కౌముది

తా.క. (అప్పమ్మగారికి) ఆవపువ్వు రంగు నాకిష్టమండీ. మీరడిగిన తీరు చూస్తే భయం వేసింది. నాకేమీ కొనకండి.


సంత్రాగాఛి,
బుధవారం

చి. ల. సౌ. కౌముదికి కోదండం దీవెనలు.

భారద్వాజ, కౌశిక. గోత్రాలు వేరు. గండం గడిచింది! నీ ఉత్తరం విప్పే ముందు దేవుడికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టానో అప్పమ్మని అడుగు. రెండూ ఒకటే అయి ఉంటే నేనేం చేసేవాణ్ణో ఆలోచించడానికే దడగా ఉంది.

ఇక నువ్వు "లేదు, లేదు" అని ఎన్నిసార్లు రాసినా నేను మారు మాట్లాడను. ఆడపిల్ల నోటితో చెప్పలేనివి కొన్ని ఉంటాయి. నువ్వు లేదను, నేను సరేనంటాను. నీ గుట్టు నా గుట్టు.

మీ అమ్మకి అన్నదమ్ములు లేరన్న మాట నా మనసులో ముల్లులా దిగింది. మేనమామ లేని లోటు నీకు రానివ్వను. ఈ రోజు నుంచి నన్ను మావయ్యా అని పిలువు. ఇది కార్యదర్శి హోదాలో రాస్తున్నది కాదు.

నువ్వు పిలిచినవాళ్ళు దారి కోసం నాకు ఫోన్లు చేస్తున్నారు. గార్డెన్ రీచ్ వంటవాడు, హౌరా ఫోటో దాదాలు, ఖరగ్‌పూర్ సన్నాయి మేళం, పురోహితులు ఇద్దరు. "తినడానికి పిలిచారట, నిజమేనా?" అని అందరిదీ ఒకే అనుమానం. పాపం, పెళ్ళికి వెళ్ళి తినడమేమిటో వాళ్ళకి తెలియదు. నేను గొంతు తగ్గించి, ఎవరికి ఎలా చెప్పాలో అలా చెప్పాను. విశాఖపట్నం వైపు కూడా చేయవలసిన పని చేశాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

శుభం కోరే,
మావయ్య

తా.క. అమ్మా, అప్పమ్మని. ఈయన నిన్న హౌరా సంతంతా తిరిగి పే...ద్ద గంపొకటి కొని, నెత్తిన ఎట్టుకుని లోకల్ బండిలో వొచ్చేరు. జనం సోటివ్వలేదట, తలుపుకాడే నిలబడ్డారు. నన్ను అందులో కూకోమని ఎత్తి సూసేరు. నడుం పట్టేసింది, జండూబామ్ రాస్తన్నాను. నువ్వు సన్నగానే ఉంటావు కదా?


న్యూ టౌన్,
శనివారం

మావయ్యగారికి,

కౌముది నమస్కారాలు. మీరు అలా పిలవమంటే అలాగే పిలుస్తాను. హాలు ఇచ్చినవారు తాతయ్య అనమన్నా అంటాను.

కానీ నాకు కంగారుగా ఉంది. నిన్న ఫోటో దాదాకి ఫోన్ చేస్తే, "దీదీ, లగ్నం ఎన్నింటికి?" అన్నాడు. ఏ లగ్నం అంటే నవ్వి పెట్టేశాడు. వంటవాడు, "గాడిపొయ్యి ఎక్కడ తవ్వాలి?" అంటాడు. అతన్ని తినడానికి కదా పిలిచాను! గోరింటాకు పెట్టే సువర్ణ ఏకంగా నా చేతుల ఫోటో పంపమంది. అందరికీ ఏమైంది? మీరు గొంతు తగ్గించి ఏం చెప్పారు?

విశాఖపట్నం వైపు చేసిన పని ఏమిటి? ఆ మాట చదివాక నాకు అన్నం సయించడం లేదు. నాన్నకు చెప్పలేదు కదా? మావయ్యగారూ, అదొక్కటీ చెప్పలేదని రాయండి.

మీ,
కౌముది

తా.క. గంప పూలకోసమా? పళ్ళకోసమా? సాకేత్‌ని అడిగితే అతనికి పొలమారి, టీ అంతా లాప్‌టాప్ మీద పడింది.


సంత్రాగాఛి,
మంగళవారం

చి. ల. సౌ. కౌముదికి,

ఉద్యోగం మానేసిన సంగతి మీ నాన్నకు ఒక్క ముక్క చెప్పలేదు. ఒట్టు. మాట ఇచ్చానుగా.

పచ్చజెండా ఊపేశాను. ఆదివారం సాయంత్రం కలుద్దాం. పొద్దున్న తలంటు పోసుకో.

మావయ్య

తా.క. అమ్మా, ఆయన పాత పంచె ఇస్త్రీ సేసిస్తానంటే వొద్దన్నారు, కొత్తది కొన్నారు. మా పెళ్ళికి కూడా ఇంత సంబరం సూళ్ళేదు.


న్యూ టౌన్,
సోమవారం

మావయ్యగారికి,

నమస్కారాలు తర్వాత. నిన్న సాయంత్రం జరిగింది రాస్తే గాని నేను మామూలు మనిషిని కాలేను. మీరు అక్కడే ఉన్నారు, కానీ నా కంట పడలేదు కాబట్టి అంతా చెబుతాను.

సాకేత్, నేను వచ్చేసరికి మంటపం వెనక మూడు పొయ్యిలు మండుతున్నాయి. అతిథులుగా పిలిచిన వంటవాళ్ళు ముగ్గురూ ఎవరి గుండిగలు వాళ్ళు తెచ్చుకున్నారు! ఒకాయన పులిహోర, ఒకాయన కొషా మాంగ్షో అనే బెంగాలీ మాంసం కూర, మూడో ఆయన ఆ ఇద్దరినీ చూసి అలిగి పాయసం. ఎవరికి వండుతున్నారయ్యా అంటే, "పెళ్ళివారికి" అన్నారు. లోపల ఫోటోవాళ్ళు నలుగురు. తీయడానికి ఎవరూ లేక ఒకరినొకరు తీసుకుంటున్నారు. సువర్ణ బృందం కోన్లు పట్టుకుని పెళ్ళికూతురి చేతుల కోసం కూర్చుని, విసుగొచ్చి ఒకళ్ళ చేతుల మీద ఒకళ్ళు మొదలుపెట్టేశారు. మన పురోహితుడు, బెంగాలీ పురోహితుడు ఏ మంత్రం ముందు అన్నదాని మీద సంస్కృతంలో దెబ్బలాడుకుంటున్నారు. హాలు నిండా పనివాళ్ళే. అతిథి అన్న పురుగు లేదు. "దయచేసి అందరూ కూర్చోండి, ఈ రోజు మీరే అతిథులు" అని మైకులో మొత్తుకున్నాను. కూర్చోమంటే ఒక్కరికీ చేతకాలేదు. కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు.

ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. నా పేరు అచ్చేయించిన కార్డులు చించేసి ఆ పొయ్యిల్లో వేసేద్దామనుకున్నాను.

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి పట్టుపంచె కట్టుకుని మా నాన్న వచ్చారు. పక్కన అమ్మ. అమ్మ చేతిలో పట్టుచీర, దాని మీద మంగళసూత్రం డబ్బా. ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి.

"ఎక్కడే ఆ కుర్రాడు?" అని నాన్న నోరు తెరిచారో లేదో, ఫోటో దాదా ఒకాయన "బోర్ ఎశే గెఛే!" అని అరిచాడు. పెళ్ళికొడుకు వచ్చేశాడట! పట్టుపంచె ఉంది, పక్కన పట్టుచీర ఉంది, ఇంకేం కావాలి వాళ్ళకి? ఖరగ్‌పూర్ సన్నాయి అందుకుంది. ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ బెంగాలీ పెళ్ళిళ్ళలోలా ఉలుధ్వని చేశారు. ఒకాయన బెంగాలీ పెళ్ళికొడుకులు పెట్టుకునే తెల్ల బెండు కిరీటం, టోపోర్, తెచ్చి నాన్న నెత్తిన పెట్టేశాడు. బ్యాంకులో ఎవరూ ఎదుట కూర్చోడానికి సాహసించని మా నాన్నని నలుగురు పట్టుకుని పీట మీద కూలేశారు. అలంకరణ చేసే పుష్పరాణి అమ్మ గడ్డం పట్టుకుని సగం ముఖానికి రంగు వేసేసింది.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళి నాన్న ముందు పడ్డాను. "నాన్నా, పెళ్ళి లేదు! ఉద్యోగం మానేశాను, అంతే!" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. టోపోర్ కళ్ళ మీదికి జారింది. నాన్న దాన్ని పైకెత్తి చూశారు.

"అంతేనా?"

"అంతే."

"ఎవరినీ చేసుకోలేదా? నిజంగా?"

"ఒట్టు నాన్నా."

"హమ్మయ్య!" అని నాన్న పీట మీద వెనక్కి వాలిపోయారు. "ఉద్యోగమేనా! పీడా పోయింది. ఉద్యోగం కాకపోతే ఇంకోటి. రైల్లో రాత్రంతా మీ అమ్మ ఏడుపు వినలేక చచ్చాను. ఎవరైనా కాస్త పాయసం తెండి." మావయ్యగారూ, ఇదే మాట ఇంట్లో కూర్చోబెట్టి చెప్పి ఉంటే మూడు నెలలు నాతో మాట్లాడేవారు కాదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తులేదు.

తర్వాత అమ్మ ఒక మాట అంది. సగం రంగు ముఖంతో, సిగ్గుపడుతూ. "ఇంతమంది వచ్చారు కదండీ. మన పెళ్ళిలో ఆ ఫోటోగ్రాఫరు రీలు వెయ్యడం మరిచిపోయాడు. ఒక్క ఫోటో అయినా..." అంది. ఆ మాట నేను బెంగాలీలో చెప్పగానే హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. అందరూ చేతులు కలిపారు. పూలవాళ్ళు ఏ దండ ఎలా పడాలో ఫోటోవాళ్ళని అడిగారు. పురోహితులిద్దరూ వంతులు వేసుకున్నారు. వంటవాళ్ళు ముగ్గురూ ఒకే విస్తరిలో వడ్డించారు. అన్నీ అయ్యాక నాన్న లేచి, "అందరూ నా పక్కన కూర్చుని తినండి, మీరు తినకపోతే నేను లేవను" అని పట్టుబట్టారు. అప్పుడు కూర్చున్నారు. ఒకరి నంబర్లు ఒకరు రాసుకున్నారు, నా నంబరు అందరూ రాసుకున్నారు. "నాన్నా, నేను ఇక్కడే ఉండనా?" అంటే, "ఇక్కడ కాకపోతే ఎక్కడ ఉంటావే?" అన్నారు.

అంతా బాగానే ముగిసింది. కానీ మా నాన్నకి మీరేం రాశారు? అందరికీ ఏం చెప్పారు? మంటపం వెనక మీరు కొత్త పంచెతో గంప పక్కన నిలబడి ఉండగా సాకేత్ చూశాడట. అంతా అయ్యాక మేం వెతుక్కుంటూ వెళ్ళేసరికి లేరు. నాకు జవాబు కావాలి.

మీ మేనకోడలు (ఇక తప్పదుగా),
కౌముది

తా.క. గోడ మీద వాక్యం నిన్న కూడా తప్పలేదు. పంకా ఊడలేదు.


సంత్రాగాఛి,
గురువారం

చి. ల. సౌ. కౌముదికి మావయ్య దీవెనలు.

ఇంత అమాయకురాలివి పెళ్ళిళ్ళు ఎలా నడుపుతావమ్మా? నేను తెలియక చేశాననుకున్నావా?

నీ మొదటి ఉత్తరంలోనే నాకు అంతా అర్థమైపోయింది. పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. నువ్వు ఉద్యోగం మానేశావు, శ్యామసుందర్ గారికి చెప్పడానికి భయం. గీతను చెరపకుండా చిన్నది చేయాలంటే పక్కన పెద్ద గీత గీయాలి. అందుకని "మీ అమ్మాయి చెప్పకుండా పెళ్ళి చేసుకుంటోంది, వచ్చి అక్షింతలు వేయండి" అని ఆయనకి రాశాను. ఆ పెద్ద గీత ముందు నీ ఉద్యోగం గీత కనిపించకుండా పోయింది, చూశావా? గోత్రాలు, ఫోన్లు, గంప, అన్నీ నా నాటకంలో భాగాలే. గార్డుగా చేసినవాడికి ఏ బండిని ఏ పక్క లైన్లో పెట్టాలో తెలుస్తుంది. పని అయ్యాక గార్డు కనిపించకూడదు, అందుకే వెళ్ళిపోయాను.

మంటపం ఇక నీకు ఎప్పుడు కావాలన్నా ఒక్క ఉత్తరం ముక్క రాయి చాలు.

నీ మేలు కోరే,
మావయ్య

తా.క. అమ్మా, అప్పమ్మని. పైన రాసిందంతా ఒట్టి కోతలు, నమ్మీకు. ఆ మనిషికి ఏటీ తెలీదు. నిజంగా పెళ్ళే అనుకున్నారు. మాకు పిల్లల్లేరు, ఈయనకి అప్పసెల్లెల్లు లేరు. ఒక్క పెళ్ళికూతుర్నైనా గంపలో ఎత్తుకొచ్చి పీటల మీద దింపాలని ఆయన కోరిక. ఆ రోజు మీ నాన్న "హమ్మయ్య" అన్నారు సూడు, అప్పుడే ఈయన గంప బోర్లించి దాని మీద కూకుని కళ్ళు తుడుసుకున్నారు. నేనే ఇంటికి లాక్కొచ్చేను. గంప అటక మీద ఎట్టేను. నీ ఆవపువ్వు రంగు సీర కూడా అందులోనే ఉంది, కొనీసేను, తిట్టకు.

ఇంకో ముక్క. నిన్న మీ సాకేత్ ఒక్కడూ వొచ్చేడు. వొయిర్లు మర్సిపోనాడట. వొయిర్లు ఎతకలేదు, టీ తాగేడు, అటకేపు సూసేడు. ఎల్తా ఎల్తా గుమ్మంకాడ నిలబడి, "పిన్నిగారూ, ఆ గంప ఎంత బరువు ఆపుతాది?" అని అడిగేడు. నేనేటి సెప్పాలో ఎంటనే రాయమ్మా.